రెజల్యూట్ నుంచి గ్రీస్ ఫియర్డ్‌కి ఎంతసేపు?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే దారి గురించి. కెనడా ఉత్తరపు కొసన నునావుట్‌లో రెండు చిన్న ఊళ్లున్నాయి. ఒకటి కార్న్‌వాలిస్ ద్వీపంలోని రెజల్యూట్. 2021 జనగణనలో అక్కడ 183 మంది. రెండోది ఎల్స్‌మియర్ ద్వీపం దక్షిణ తీరాన, జోన్స్ సౌండ్ అనే జలసంధి ఒడ్డున ఉన్న గ్రీస్ ఫియర్డ్. అక్కడ 144 మంది. మామూలు జనం కాపురాలుండే ఊళ్లలో కెనడాలో దీనికన్నా ఉత్తరాన మరొకటి లేదు. ఈ రెంటి మధ్య విమాన దూరం, ప్రయాణ సమయం గురించి అడిగినవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఈ రెండు ఊళ్ల మధ్య దూరం 384 కిలోమీటర్లని ఒకచోట చూశాను. మా అబ్బాయి అక్షాంశ రేఖాంశాలు తీసుకుని లెక్క వేస్తే 1,350 కిలోమీటర్లు వచ్చింది. గోడమీది ప్రపంచపటంలో స్కేలు పెట్టి కొలిస్తే 1,500 దాటింది. ఏది నమ్మాలి?

జవాబు: 384 సరైనది. మీ అబ్బాయి లెక్క ఎక్కడ పక్కకి పోయిందో కూడా చెప్పగలం. ఒక డిగ్రీ రేఖాంశానికి 111 కిలోమీటర్లు వేసుకుని ఉంటాడు. ఆ కొలత భూమధ్యరేఖ దగ్గర మాత్రమే చెల్లుతుంది. ధ్రువం వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. గ్రీస్ ఫియర్డ్ ఉన్నంత ఉత్తరాన ఒక డిగ్రీ రేఖాంశం 26 కిలోమీటర్లే.

కాగితం మీద ఇలా వేయమనండి. రెజల్యూట్ విమానాశ్రయం 74°43′ ఉత్తరం, 94°58′ పశ్చిమం. గ్రీస్ ఫియర్డ్‌ది 76°26′ ఉత్తరం, 82°55′ పశ్చిమం. అక్షాంశాల తేడా 1°43′, అంటే 103 నిమిషాలు (డిగ్రీకి 60 నిమిషాలు). అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు (1.852 కిలోమీటర్లు) కాబట్టి ఉత్తర దిశలో 103 నాటికల్ మైళ్లు. రేఖాంశాల తేడా 12°03′, అంటే 723 నిమిషాలు. దీన్ని నేరుగా మైళ్లుగా తీసుకోకూడదు. రెండు ఊళ్ల సగటు అక్షాంశం, అంటే 75°34′ దగ్గర, దాని కొసైన్‌తో గుణించాలి. ఆ కొసైన్ 0.249. గుణిస్తే తూర్పు దిశలో 180 నాటికల్ మైళ్లు వస్తాయి. 103 వర్గం, 180 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 207. దాన్ని 1.852తో గుణిస్తే 384 కిలోమీటర్లు. గోళ త్రికోణమితి సూత్రంతో వేసినా ఒకటి రెండు కిలోమీటర్ల తేడాలో అదే వస్తుంది. ఇంత చిన్న దూరానికి ఈ సులువైన పద్ధతి చాలు. వెయ్యి కిలోమీటర్లు దాటితే మాత్రం ఇంత ఉత్తరాన దీన్ని వాడకండి, తప్పు త్వరగా పెరిగిపోతుంది.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. 74°43′ని కాల్క్యులేటర్‌లో 74.43 అని కొట్టేస్తారు. 43 నిమిషాలంటే 0.43 డిగ్రీ కాదు, 60తో భాగిస్తే 0.717. ఈ ఒక్క పొరపాటుతో దూరం 395 కిలోమీటర్లకు పోతుంది. సంఖ్య చూడటానికి నమ్మేలా ఉంటుంది గనక ఈ తప్పు కంటికి దొరకదు. అందుకే కొట్టే ముందే డిగ్రీలన్నిటినీ దశాంశాల్లోకి మార్చుకోవాలి.

ఇక గోడమీది పటం. మీది మెర్కేటర్ పటం అయివుంటుంది. అందులో 75 డిగ్రీల అక్షాంశం దగ్గర ప్రతి దూరం భూమధ్యరేఖ దగ్గరి స్కేలుతో పోలిస్తే దాదాపు నాలుగు రెట్లు సాగి కనిపిస్తుంది. మీ 1,500ని నాలుగుతో భాగించి చూడండి.

ప్రశ్న: 384 కిలోమీటర్లే అయితే విమానానికి అరగంట చాలదా? దూరం చూపించే సైట్లు కూడా అంతే చెబుతున్నాయి. గంటన్నర పైనే పడుతుందని మీరు రాశారు.

జవాబు: ఆ సైట్లు గంటకు 800 కిలోమీటర్లు పోయే జెట్‌ని మనసులో పెట్టుకుని భాగహారం చేస్తాయి. గ్రీస్ ఫియర్డ్‌లో జెట్ దిగదు. అక్కడి రన్‌వే కంకరది, పొడవు సుమారు 510 మీటర్లు. ఒకపక్క కొండలు, మరోపక్క సముద్రం, ఆ మధ్య సన్నటి చదును మీద వేశారు. పెంచడానికి చోటు లేదు. రెజల్యూట్‌లోనూ కంకర రన్‌వేనే గానీ అది 1,981 మీటర్లుంటుంది, పెద్ద విమానాలు దిగుతాయి. ఏ దారిలోనైనా ఏ విమానం పోవాలో నిర్ణయించేది రెండు కొసల్లో చిన్న రన్‌వే. ఈ దారికి ఆ విమానం ట్విన్ ఆటర్.

రెండు టర్బోప్రాప్ (టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పే) ఇంజిన్లు, పైనున్న రెక్క, ముడుచుకోని చక్రాలు. 1965లో మొదటిసారి ఎగిరింది. తక్కువ వేగంతో నిబ్బరంగా ఎగిరి, కొద్దిపాటి నేల మీద దిగి ఆగడం దాని బలం. వేగం దాని పని కాదు. ప్రయాణ వేగం సుమారు 150 నాట్లు (ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు), అంటే గంటకు 278 కిలోమీటర్లు. లోపల గాలి ఒత్తిడి పెంచే ఏర్పాటు లేదు గనక మామూలుగా 10,000 అడుగుల లోపే పోతుంది. పైన పలచటి గాలిలో జెట్‌కి కలిసొచ్చే వేగం దీనికి దక్కదు.

207 నాటికల్ మైళ్లను 150తో భాగిస్తే 1.38 గంటలు. దీన్ని గంటా 38 నిమిషాలని చదవకండి. 0.38ని 60తో గుణిస్తే 23. అంటే గాలి లేనప్పుడు గంటా 23 నిమిషాలు. రన్‌వే చివరిదాకా నడిపించడం, పైకెక్కడం, దిగే ముందు ఫియర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) మీద చుట్టు తిరిగి గాలి చూసుకోవడం, వీటికి మరో పది పన్నెండు నిమిషాలు కలపండి. గంటా 35 నిమిషాలన్నది న్యాయమైన అంచనా.

ప్రశ్న: వెళ్లేటప్పుడు ఎదురుగాలి అయితే వచ్చేటప్పుడు వెనకగాలి అవుతుంది కదా. రానుపోను కలిపి చూస్తే లెక్క సరిపోదా?

జవాబు: సరిపోదు. 30 నాట్ల గాలి తీసుకోండి. ఎదురుగా ఉంటే నేల మీద వేగం 120 నాట్లే, 207 నాటికల్ మైళ్లకు గంటా 44 నిమిషాలు. వెనక నుంచి వీస్తే 180 నాట్లు, గంటా 9 నిమిషాలు. కలిపితే 2 గంటల 53 నిమిషాలు. గాలి లేకపోతే రెండు వైపులకూ 2 గంటల 46 నిమిషాలే. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపు ఉంటాం, అందుకని కోల్పోయినదంతా తిరిగి రాదు. నిదానంగా పోయే విమానానికి ఈ నష్టం ఇంకా ఎక్కువ. అదే 30 నాట్ల గాలి జెట్‌కి లెక్కలోకి రాదు, ట్విన్ ఆటర్‌కి వేగంలో ఐదో వంతు.

ప్రశ్న: పది గంటలకు బయల్దేరితే పన్నెండున్నర దాటాక చేరతారని, తిరుగు ప్రయాణం మాత్రం అరగంటే అని ఒక టైమ్‌టేబుల్‌లో చూశాను. అచ్చుతప్పా?

జవాబు: అచ్చుతప్పు కాదు. రెజల్యూట్ మధ్య కాలమానంలో ఉంది, గ్రీస్ ఫియర్డ్ తూర్పు కాలమానంలో, ఒక గంట ముందు. టైమ్‌టేబుల్లో ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు. 10:00కి రెజల్యూట్‌లో లేచి గంటా 35 నిమిషాలు ఎగిరితే గ్రీస్ ఫియర్డ్ గడియారంలో 12:35. అక్కణ్నుంచి 13:15కి బయల్దేరితే రెజల్యూట్‌లో 13:50. ఎండాకాలం గడియారం ముందుకు జరిపే పద్ధతి రెండుచోట్లా ఉంది. మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం రెండూ కలిసే మారతాయి. కాబట్టి ఈ రెంటి మధ్య తేడా ఏడాది పొడవునా గంటే. నునావుట్ అంతటా ఇలాగే ఉంటుందనుకోకండి. కోరల్ హార్బర్‌లో గడియారం ఎప్పుడూ మార్చరు, అక్కడికి లెక్క వేసేటప్పుడు నెల చూసుకోవాలి.

మరో జాగ్రత్త. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్యదాకా రెజల్యూట్‌లో సూర్యుడు అస్తమించడు. రాత్రి పదికీ పొద్దున పదికీ వెలుగులో తేడా పోల్చుకోవడం కష్టం. సమయాన్ని 24 గంటల పద్ధతిలోనే రాసుకోండి.

ప్రశ్న: ట్విన్ ఆటర్‌లో 19 సీట్లు ఉంటాయంటారు. ఈ దారిలో ఎనిమిది తొమ్మిది మందికే టికెట్లిస్తారని విన్నాను. సీట్లు ఖాళీగా ఉంచుకుని ఎందుకు పోవడం?

జవాబు: సీట్లు ఉండటం వేరు, బరువుకి చోటుండటం వేరు. 300 శ్రేణి ట్విన్ ఆటర్ అన్నీ కలుపుకుని గరిష్ఠంగా 5,670 కిలోలతో లేవాలి. ఖాళీ విమానం, ఇద్దరు పైలట్లు, చలి ప్రాంతంలో తప్పనిసరైన గుడారం, స్లీపింగ్ బ్యాగులు, స్టవ్, తిండి వగైరా కలిపి సుమారు 3,700 కిలోలు అనుకుందాం. మిగిలింది 1,970 కిలోలు. ఇందులోనే ఇంధనం, మనుషులు, సామాను.

ఇంధనం గంటకు సుమారు 280 కిలోలు. వెళ్లడానికి గంటా 25 నిమిషాలు. తీరా అక్కడికి పోయాక దిగడం కుదరకపోతే ఇంకో విమానాశ్రయానికి చేరగలగాలి. ఆ చుట్టుపక్కల చాలాసార్లు నమ్మదగ్గ ప్రత్యామ్నాయం రెజల్యూటే, అంటే వచ్చిన దారినే మరో గంటా 25 నిమిషాలు. పరికరాల ఆధారంగా ఎగిరే ప్రొపెల్లర్ విమానానికి కెనడా నిబంధనల ప్రకారం ఆపైన 45 నిమిషాల నిల్వ ఉండాలి. మొత్తం 3 గంటల 35 నిమిషాలు, దగ్గర దగ్గర 1,000 కిలోల ఇంధనం. మనుషులకు, సామానుకు మిగిలేది 970 కిలోలు. మందపాటి బట్టలు, బూట్లు, పెట్టె కలిపి మనిషికి 110 కిలోలు వేస్తే ఎనిమిది మంది, కాస్త తేలికవాళ్లయితే తొమ్మిది.

తిరిగొచ్చే ఇంధనం మోయనక్కర్లేకపోతే దాదాపు 400 కిలోలు మిగిలేవి, ఇంకో ముగ్గురు నలుగురు ఎక్కేవారు. కానీ ఆ 400 కిలోలే ఈ దారిలో ప్రాణాలకు పూచీ. దాని మీద బేరం పెట్టే పైలట్ విమానం ఎక్కకండి.

మనుషుల తర్వాత సరుకులు. ఈ ఊళ్లకు రోడ్డు లేదు. నునావుట్‌లోని 25 ఊళ్లలో ఏ రెండింటినీ రోడ్డు గానీ రైలు గానీ కలపదు. పెద్ద సామాను మంచు కరిగే కొద్ది వారాల్లో ఓడ మీద వస్తుంది. తాజా కూరలు, పాలు, మందులు, ఉత్తరాలు ఇదే విమానంలో, మీ పక్క సీటు మడిచిన చోట కట్టిన వల కింద ప్రయాణిస్తాయి. అందుకే కొన్నిసార్లు మనిషి ముందు చేరతాడు, రెండో పెట్టె తర్వాతి విమానానికి వస్తుంది. మందులు, కళ్లద్దాలు, ఒక జత వెచ్చటి బట్టలు చేతిసంచిలోనే పెట్టుకోవాలని చెప్పేది ఇందుకే.

ప్రశ్న: అక్కడ దిక్సూచి పనిచేయదంటారు. మరి పైలట్ దిక్కు ఎలా చూసుకుంటాడు?

జవాబు: దిక్సూచి ముల్లుని అడ్డంగా లాగే బలం అక్కడ చాలా తక్కువ. అయస్కాంత క్షేత్రం దాదాపు నిలువుగా భూమిలోకి దిగుతుంది. ఉత్తర అయస్కాంత ధ్రువాన్ని 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ గుర్తించింది బూతియా ద్వీపకల్పంలో, అంటే రెజల్యూట్‌కి దక్షిణాన. 1994 కొలతలో అది ఎలెఫ్ రింగ్నెస్ ద్వీపం దగ్గరికి, రెజల్యూట్‌కి ఉత్తరాన చేరింది. ఇప్పుడు సైబీరియా వైపు జరిగిపోయినా ఈ దీవుల మీద ముల్లు ఇంకా నమ్మదగ్గది కాదు. అందుకని కెనడా ఉత్తర గగనతలంలో దిశలన్నీ నిజమైన ఉత్తరం నుంచే కొలుస్తారు. రెజల్యూట్ రన్‌వే కొసల మీది 17, 35 అంకెలు (170, 350 డిగ్రీల దిశలు) కూడా అలా వచ్చినవే. మిగతా ప్రపంచంలో చాలాచోట్ల అవి అయస్కాంత దిశలు.

ఇప్పుడు జీపీఎస్ ఉంది, దారి అది చూపిస్తుంది. అయినా రెండు చిక్కులు మిగిలే ఉంటాయి. మొదటిది, నేరుగా పోయినా దిశ సంఖ్య మారుతూ ఉంటుంది. రెజల్యూట్‌లో లేచినప్పుడు గ్రీస్ ఫియర్డ్ దిశ సుమారు 55 డిగ్రీలు. వెల్లింగ్టన్ ఛానల్, డెవన్ ద్వీపం, జోన్స్ సౌండ్ దాటి చేరేసరికి అదే గీత మీద దిశ 66 డిగ్రీలు. విమానం ఎక్కడా వంపు తిరగలేదు, కింద రేఖాంశాలే దగ్గరవుతూ వచ్చాయి. 55 దగ్గరే పట్టుకుని కూర్చుంటే ఊరికి ఉత్తరాన కొండల్లో తేలతారు.

రెండోది గైరో. దిశ చూపే గైరో చక్రం అంతరిక్షంలో ఒకే వైపుకి చూస్తూ ఉంటుంది, కింద భూమి తిరిగిపోతుంది. దానివల్ల పుట్టే తేడా గంటకు 15 డిగ్రీలను అక్షాంశపు సైన్‌తో గుణించినంత. ఇక్కడ అది 14.5 డిగ్రీలు. దక్షిణాదిలో పైలట్ దిక్సూచి చూసి గైరోని సరిచేసుకుంటాడు, ఇక్కడ ఆ ఆసరా లేదు. సరిచేసే ఏర్పాటు లేని గైరోతో పోతే జీపీఎస్ చూపే దారితో గానీ, సూర్యుడి స్థానంతో గానీ పావుగంటకోసారి సరిచూసుకోవాలి. దిశలో ఒక్క డిగ్రీ తేడా ఈ దూరంలో 6.7 కిలోమీటర్లు పక్కకు తీసుకుపోతుంది. ఇది ఊరికే చెబుతున్న జాగ్రత్త కాదు. 2011 ఆగస్టు 20న ఎల్లోనైఫ్ నుంచి వచ్చిన బోయింగ్ 737 రెజల్యూట్‌లో దిగబోతూ రన్‌వే పక్కనున్న కొండను ఢీకొంది, 15 మందిలో 12 మంది చనిపోయారు. దర్యాప్తులో తేలిన కారణాల్లో దిశ చూపే వ్యవస్థలోని తేడా ఒకటి.

చలి ఎత్తుమీటరును (గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చూపే పరికరాన్ని) కూడా మోసం చేస్తుంది. చల్లటి గాలి ముడుచుకుని చిక్కబడుతుంది గనక మీటరు చూపేదానికన్నా విమానం కిందే ఉంటుంది. విమానాశ్రయంలో మైనస్ 30 డిగ్రీలుంటే 1,000 అడుగుల ఎత్తుకి 190 అడుగులు కలుపుకోవాలి. కొండల మధ్య దిగేచోట 190 అడుగులు చిన్న సంగతి కాదు.

ప్రశ్న: మా అబ్బాయి భూగర్భశాస్త్రం చదువుతున్నాడు. పరిశోధక బృందంతో ఒట్టావా నుంచి బయల్దేరి గ్రీస్ ఫియర్డ్ దాకా వెళ్లాలి. ఎన్ని రోజులు పెట్టుకోమంటారు?

జవాబు: గాలిలో ఉండే సమయం చూస్తే తొమ్మిది గంటల లోపే. ఒట్టావా నుంచి ఇకాలుయిట్ 2,100 కిలోమీటర్లు, జెట్‌లో మూడు గంటల పైన. ఇకాలుయిట్ నుంచి రెజల్యూట్ 1,575 కిలోమీటర్లు. టర్బోప్రాప్ ఎక్కడా ఆగకుండా పోయినా మూడు గంటలు దాటుతుంది, మధ్యలో దిగి లేస్తే నాలుగుకు పోతుంది. తర్వాత మనం లెక్కించిన గంటా 35 నిమిషాలు. ఇకాలుయిట్ తూర్పు కాలమానం గనక రెజల్యూట్‌లో గడియారం గంట వెనక్కి, గ్రీస్ ఫియర్డ్‌లో మళ్లీ ముందుకి తిప్పుకోవాలి.

ఆ తొమ్మిది గంటలు చూసి టికెట్లు కొంటే దెబ్బతింటారు. చివరి అంచెలో విమానం రోజూ ఉండదు. ఒకటి తప్పితే తర్వాతిది కొన్ని రోజులకు. పైగా గ్రీస్ ఫియర్డ్‌లో పైలట్ కంటితో కొండల్ని, నీటిని, రన్‌వేని చూసి దిగాలి. మబ్బు కిందికి దిగినా, కొండమీంచి గాలి సుడులు తిరుగుతూ పడినా వెనక్కి తిరగడమే సరైన నిర్ణయం. వేసవి చివర ఆగస్టు, సెప్టెంబర్లలో సముద్రం తెరుచుకుని పొగమంచు, కిందిమబ్బు పట్టుకుంటాయి. చలికాలంలో మంచుతుఫాన్లు. అక్కడ హెచ్చరిక ఇచ్చేది గాలి 40 కిలోమీటర్ల పైన, చూపు 400 మీటర్ల లోపు, అది ఆరు గంటలు సాగేలా ఉంటేనే. పరిశోధక బృందాలు ఎక్కువగా వెళ్లే జూన్, జులై వీటన్నిటికన్నా నయం.

ఇకాలుయిట్‌లో ఒక రాత్రి, రెజల్యూట్‌లో కనీసం రెండు రాత్రులు వదిలి పెట్టుకోమనండి. తిరుగు ప్రయాణంలో అంతకంటే ఎక్కువ ఉంచుకోవాలి, ఎందుకంటే ఒట్టావాలో తప్పే విమానం ఖరీదైనది. మూడు అంచెలనూ ఒకే బుకింగ్‌లో తీసుకోగలిగితే తీసుకోండి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదానికి ఎవరూ బాధ్యత తీసుకోరు. అతని బృందం పోలార్ కాంటినెంటల్ షెల్ఫ్ ప్రోగ్రామ్ ద్వారా వెళ్తుంటే, 1958లో మొదలైన ఆ సంస్థకు రెజల్యూట్‌లో స్థావరం ఉంది. బస, చివరి అంచె విమానం వాళ్ల చేతుల్లోనే ఉండొచ్చు, టికెట్ కొనేముందు బృందం నాయకుణ్ని అడగమనండి. అలా కాకపోతే రెజల్యూట్‌లో బస ముందుగానే ఖాయం చేసుకోవాలి. 183 మంది ఉండే ఊళ్లో గదులు లెక్కపెట్టినన్ని, విమానం ఆగినరోజు అందరికీ అవే కావాలి.

సామాను తూచి, ఒక్కో పెట్టె బరువు దానిమీదే రాసి, రాతి నమూనాల కోసం తిరుగు ప్రయాణంలో ఎంత బరువు కావాలో ఇప్పుడే చెప్పి ఉంచమనండి. రాళ్లు పెరిగితే మనిషి దిగాల్సి వస్తుంది. లేదంటే ఆ పెట్టెలను ఓడకి అప్పగించి, వేసవి చివర వచ్చేదాకా ఆగాలి.